ఒక చేత మందు, ఒక చేత బొగ్గు

జీవదయ మనస్సులో పుట్టును. కాని అది మనస్సులోనే నిలిచిపోయినచో దయ అనిపించుకొనదు. దయకు ముందుండు మెత్తదనము మాత్రమే అగును. దయ చేతిలోనికి దిగవలెను. దిగిన పిమ్మట అవతలి జీవికి చేరినదా లేదా అని కూడ చూచుకొనవలెను. సరుకు లారీకి ఎక్కించితిమి గదా అని ఏ వర్తకుడును నిశ్చింతగా నిద్రపోడు. చేరినట్లు రసీదు వచ్చువరకు అతని మనస్సు దారిలోనే ఉండును. పుణ్యకార్యముల విషయమున మాత్రము, ఎక్కించినంతనే చేరినట్లు లెక్క వ్రాసుకొనుట చాలమందికి అలవాటైనది.

ఈ అలవాటు సరియైనదా? మంచి తలంపుతో చేసిన పని, చేసినవాని మరియొక మంచి అలవాటు వలననే వ్యర్థమై పోయినచో, ఆ తలంపు ఒక్కటే జమకు వచ్చునా? ఈ ప్రశ్న ధర్మపురిలో ఒక వర్తక గృహమున చిన్న చేపల తొట్టి మూలముగా తలయెత్తినది. తొట్టి చిన్నదేగాని ప్రశ్న చిన్నది కాదు.

తమిళనాడులో జిల్లా ముఖ్యపట్టణమైన ధర్మపురికి పూర్వనామము తగడూరు. దీర్ఘాయువు నిచ్చు ఉసిరికాయను తాను తినక అవ్వైయారుకు ఇచ్చెనని తమిళులు కొనియాడు అదియమాన్ ఏలిన ఊరు ఇదియే. జైనులకు ఈ ఊరితో సంబంధము నిన్నమొన్నటిది కాదు. శక 815, అనగా క్రీ. శ. 893 నాటి స్తంభశాసనము ఒకటి ఇచ్చట దొరికినది. నొళంబ రాజైన మహేంద్రుని కాలమున నిధియణ్ణ, చండియణ్ణ అను వర్తకపుత్రులిద్దరు ఈ ఊర బసది కట్టించిరనియు, రాజు నుండి లభించిన మూలపల్లి గ్రామమును ఆ బసది మరమ్మతులకును పూజకును ఒక ఆచార్యునికి అప్పగించుట జరిగినదనియు అందు చెప్పబడినది. గోడలు లేచినంతనే పుణ్యము పూర్తియైనదని ఆ అన్నదమ్ములు అనుకొనలేదు. రేపు కురియబోవు వానకు కూడ నేడే ఏర్పాటు చేసిరి. ఈ సంగతిని మనస్సున ఉంచుకొని తొట్టి కథకు పోవుదము.

పాత్రల వ్యాపారము చేయు ఆ యింట పదేండ్ల మనుమనికి పుట్టినరోజున మేనమామ ఒక అద్దాల తొట్టిని, తొమ్మిది బంగారు చేపలను తెచ్చి ఇచ్చెను. తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అనగా 2 ఘనపుటడుగులు. అంచు వరకు నింపిన 56 లీటర్లు పట్టును. అడుగున గులకరాళ్లు, పైన వదలిన ఖాళీ తీసివేసిన సుమారు 45 లీటర్లు నిలుచును. నీరు శుభ్రపరచుటకు గోడకు తగిలించిన పెట్టె ఒకటి. దానిలో ఒక స్పంజి, ఒక చిన్న సంచిలో నల్లని బొగ్గుపలుకులు.

రెండు నెలలకు చేపల రెక్కలమీద రవ్వగింజలవంటి తెల్లచుక్కలు కనబడినవి. అవి రాళ్లకు ఒళ్లు రాచుకొనసాగినవి. తాతగారు తామే బయలుదేరి, చేపలమ్ము దుకాణమున మందు కొని తెచ్చి, లెక్కపెట్టి చుక్కలు వేసిరి. నీరు పచ్చనై, మరునాటి ఉదయమునకు అద్దమువలె తేటపడెను. మందు పనిచేసినదని అందరు సంతోషించిరి. మరల వేసిరి, మరల తేటపడెను. నాలుగు దినములు ఇట్లే జరిగినది. నాలుగు దినములలో తొమ్మిదింటిలో ఐదు చేపలు చచ్చినవి.

ఐదవ దినమున పిల్లవాడు అడిగినాడు: "తాతా, మనం పోసిన రంగు రాత్రికి రాత్రి ఎక్కడికి పోతా ఉంది?"

పెద్దలెవ్వరికిని తోచని ప్రశ్న అది. తాతగారు దుకాణమునకు పోయి విచారింపగా, బొగ్గుసంచి తీసి మందు వేసితిరా అని అతడు ఎదురడిగెను. సంచి తీయవలెనను మాట మందుసీసాతో వచ్చిన కాగితముపై చిన్న అక్షరములలో ఉండనే ఉన్నది.

ఆ బొగ్గు సామాన్యమైనది కాదు. టెంకాయ చిప్పలనో నేలబొగ్గునో గాలి తగులకుండ కాల్చి, పిమ్మట సుమారు 800 మొదలు 1,000 డిగ్రీల వేడిలో ఆవిరి పట్టించినచో, దానిలో కంటికి కనబడని కోట్లకొలది బెజ్జములు ఏర్పడును. ఆ బెజ్జముల గోడలన్నిటిని పరచి కొలిచిన, మేలురకపు బొగ్గు ఒక్క గ్రామునకు సుమారు 1,000 చదరపు మీటర్లు వచ్చును. అనగా దాదాపు 25 సెంట్ల నేల. నీటిలోని రంగులును వాసనలును ఆ గోడలకు అంటుకొని నిలిచిపోవును. 1785లో రష్యాలో తోబియాస్ లోవిట్జ్ అను రసాయనవేత్త, బొగ్గుపొడి రంగుద్రవములను తేటపరచుటను గమనించెను. మొదటి ప్రపంచయుద్ధమున విషవాయువుల నుండి సైనికులను కాపాడిన ముఖకవచములలో ఉన్నది ఈ బొగ్గే. కొన్ని విషములు మ్రింగినవారికి ఆసుపత్రిలో త్రాగించునదియు ఇదియే.

అయితే బొగ్గునకు విషమేదో మందేదో తెలియదు. తెల్లచుక్కల జబ్బునకు వాడు మలకైట్ గ్రీన్, మిథిలీన్ బ్లూ రెండును రంగులే. బొగ్గు వాటిని అత్యంత సులభముగా పట్టుకొనును. ఎంత సులభముగా ననగా, బొగ్గు నాణ్యతను పరీక్షించుటకు కర్మాగారములలో మిథిలీన్ బ్లూనే వాడుదురు. తాతగారు పగలు వేసిన మందును సంచి రాత్రి తీసివేయుచుండెను. నీరు తేటపడుట మందు పనిచేసినందుకు గుర్తు కాదు. మందు పోయినందుకు గుర్తు.

ఆ జబ్బు నడకను చూచిన నష్టము ఇంకను స్పష్టమగును. దానికి కారణము ఇక్తియోఫ్తిరియస్ అను ఏకకణజీవి. చేప చర్మము క్రింద ఉన్నంతకాలము దానిని మందు తాకజాలదు. పెరిగి ముదిరిన పిమ్మట అది చేపను విడిచి అడుగునకు దిగి, చుట్టును పొర కట్టుకొని, లోపల వందలకొలది పిల్లలుగా విడిపోవును. ఆ పిల్లలు ఈదుచు మరియొక చేపను వెదకు కొద్ది సమయముననే మందు వాటిపై పనిచేయును. ఆ ఘడియ ఎప్పుడు వచ్చునో ఎవరికిని తెలియదు గనుక మందు రేయింబవళ్లు నీటిలో కాచుకొని ఉండవలెను. కాపలావానిని పగలు నిలిపి రాత్రి ఇంటికి పంపిన దుకాణమునకు ఏమి జరుగునో, ఆ తొట్టికి అదే జరిగినది.

ఇక ఆ యింట మూడు అభిప్రాయములు బయలుదేరినవి.

మొదటిది అవ్వగారిది. "తెచ్చిన దినమే చెప్పినాను. నీళ్లలో తిరిగేదాన్ని గాజుపెట్టెలో పెట్టడమే పాపము. మందు సంగతి తర్వాత" అని ఆమె అన్నది. రెండవది కుమారునిది. "అమ్మా, నాయన దయతోనే మందు పోసినాడు. తెలిసి చంపినాడా ఏమన్నా? తలంపు మంచిదైనప్పుడు దోషం ఎక్కడిది?" అని అతని వాదము. మూడవది కోడలిది. మందనగా సూక్ష్మజీవులను చంపుటయే గదా, ఒక జీవిని కాపాడుటకు వేయి జీవులను చంపుట అహింస ఎట్లగునని ఆమె సందేహము. మూడును త్రోసివేయదగినవి కావు. ఒక్కొక్కటి విచారింపవలసియున్నది.

అవ్వగారి మాటకు శాస్త్రబలము కలదు. తత్త్వార్థసూత్రమున ఉమాస్వాతి అహింసాణువ్రతమునకు ఐదు అతిచారములు చెప్పియున్నారు. అవి బంధము, వధ, ఛేదము, అతిభారారోపణము, అన్నపాననిరోధము. కొట్టుట కంటె ముందు కట్టుటయే దోషముగా లెక్కింపబడినది. గాజు ఎంత తేటగా ఉన్నను అది గోడయే. 45 లీటర్ల నీటిలో తొమ్మిది బంగారు చేపలను ఉంచుట అతిభారము క్రిందికే వచ్చును. ఇరుకైన నీటిలో మలినము పెరుగును, ప్రాణవాయువు చాలదు, చేప బలహీనపడును, బలహీనపడిన చేపకే జబ్బు సులువుగా పట్టును. కనుక తొట్టిని కొనకుండుటయే శ్రావకునికి మేలు.

కాని ఈ తీర్పు కొనుటకు ముందు చెప్పవలసినది. కొన్న పిమ్మట దానితో పని తీరదు. అవ్వగారు మిగిలిన చేపలను హొగెనక్కల్ వద్ద కావేరిలో విడువుమనిరి. అదియు దయగనే తోచును. అయితే జబ్బుతో ఉన్న చేపను ఏటిలో విడిచిన ఏటి చేపలకు జబ్బు సోకవచ్చును. పరదేశపు అలంకారచేపలు మన నీళ్లలో చేరిన ఏమగునో లోకము చూచుచునే ఉన్నది. తొట్టి అద్దములపై పాచి నాకునని దక్షిణ అమెరికా నుండి తెచ్చిన సక్కర్ చేప, ఆంధ్ర తమిళ దేశముల చెరువులలో వ్యాపించి, వలలను చింపుచు స్థానికమైన చేపలకు చోటు లేకుండ చేయుచున్నది. తన బరువును దింపుకొని మరియొకరి నెత్తిన పెట్టుట విడుదల కాదు. కట్టినవాడు కట్టు విప్పజాలనిచో, కట్టబడిన జీవి బాగోగులు చూచుట అతని బాధ్యత.

కోడలి సందేహము మరింత సూక్ష్మమైనది. మందు వేసిన సూక్ష్మజీవులు చచ్చునన్నది నిజము. దానిని దాచి, మందు వేయుట శుద్ధమైన అహింస అని చెప్పుట అసత్యము. జైనధర్మము గృహస్థునికి అసాధ్యమును విధింపలేదు. సంకల్పించి చేయు హింసను పూర్తిగా విడువుమనియు, బ్రతుకుతెరువునను గృహకృత్యములలోను తప్పని హింసను నానాటికి తగ్గించుకొనుమనియు బోధించినది. జీవులలో ఇంద్రియముల తారతమ్యమును కూడ చూపినది. చేప పంచేంద్రియ జీవి. దాని బాధ కన్నులకు కనబడుచున్నది. చికిత్స చేయువాడు సూక్ష్మజీవులపై ద్వేషముతో చేయుటలేదు. కనుక ఇది తప్పనిసరి హింసలలో చేరును. దీనిని పుణ్యముగా చెప్పుకొనక, పశ్చాత్తాపముతో, తక్కువ నష్టముతో చేయవలెను. జబ్బు తొలిదశలోనే కనిపెట్టి, చేపలను వేరు తొట్టిలో ఉంచి, నీటి వెచ్చదనమును మెల్లగా పెంచి, తగినంత ఉప్పుతో కుదురునేమో చూచుట మొదటి మెట్టు. ఉప్పును బొగ్గు పట్టుకొనదు.

ఇచ్చట ఒక ముఖ్యమైన సంగతి కలదు. చాలినంత మందు, చాలినన్ని దినములు ఉన్నచో కొన్ని జీవులు పోయి చేపలు బ్రతుకును. మందు వేయకున్న చేపలు పోవును. కాని మందు వేసి బొగ్గును కూడ ఉంచినచో, కొన్ని సూక్ష్మజీవులు చచ్చును, చేపలును చచ్చును. ఇరుపక్షములకు హింస, ఏ పక్షమునకును మేలు లేదు. చేసీ చేయని చికిత్స అన్నిటికంటె అధమమైనది. సగము దయకు పూర్తి ఖర్చు పడినది; ఫలము మాత్రము శూన్యము.

ఇక కుమారుని వాదము. తలంపు మంచిదైనచో దోషము లేదా? భావహింస లేదన్నది నిజమే. తాతగారు చంపదలచలేదు. అయితే హింసకు లక్షణము చెప్పునప్పుడు ఉమాస్వాతి ద్వేషము అనలేదు, ప్రమాదము అనిరి. ప్రమాదమనగా ఏమరుపాటు. దశవైకాలిక సూత్రము కూడ దయకంటె ముందు జ్ఞానమునకే చోటిచ్చినది. తెలియనివాడు ఏది మేలో ఏది కీడో ఎట్లు ఎరుగునని దాని భావము. ఆ తాతగారే కొనుగోలు కాగితమును మూడు మారులు చదువనిదే సంతకము చేయరు. తూకములో పది గ్రాముల తేడాను పట్టుకొందురు. మందుకాగితమును మాత్రము చదువలేదు. చదువజాలక కాదు, దయ చేయుచున్నామను తృప్తి కన్నుల నిండ ఉండుటచేత చదువలేదు. లాభనష్టముల విషయమున చూపు శ్రద్ధను జీవదయ విషయమున చూపకపోవుట దోషమే. అది తెలిసి చేసిన పాపమంత పెద్దది కాదు. కాని లెక్కలోనికి రానిది కాదు.

బొగ్గును నమ్ముటలోను ఏమరుపాటు ఉన్నదని ధర్మపురివారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఈ జిల్లా భూగర్భజలములో ఫ్లోరైడు హెచ్చు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండుట మేలనియు, వేరు గతి లేనప్పుడు 1.5 వరకు ఓర్వవచ్చుననియు భారత ప్రమాణము. అది మించిన నీరు ఏండ్లతరబడి త్రాగినవారి పండ్లు మచ్చలుపడి, ఎముకలు బిగిసిపోవును. నల్లగొండ సీమవారును, నెల్లూరు ప్రకాశము జిల్లాల మెట్టప్రాంతములవారును ఈ బాధ ఎరిగినవారే. సాధారణమైన బొగ్గుఫిల్టరు నీటిని తేటగను రుచిగను చేయునుగాని ఫ్లోరైడును చాలినంత తీయజాలదు. తేటనీరు కనబడగానే నిశ్చింతపడినవాడు తాతగారివంటివాడే. అందుచేతనే పటికయు సున్నమును వాడు నల్లగొండ పద్ధతిని నాగపూరు నీరీ సంస్థవారు రూపొందించిరి. అందుచేతనే జపాను ఋణసహాయముతో హొగెనక్కల్ కావేరినీటిని ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు తెచ్చు పథకము నిర్మింపబడి 2013లో ప్రారంభమైనది. ఫ్లోరైడును తీయు బొగ్గు ఒకటి కలదు. అది ఎముకలను కాల్చి చేసినది. కనుక సంచిలోనిది టెంకాయ చిప్ప బొగ్గా, ఎముకల బొగ్గా అని జైనగృహస్థుడు అడిగి కొనవలెను. శ్రావకులు విడువవలసిన పదునైదు కర్మాదానములలో మొట్టమొదటిది అంగారకర్మ, అనగా బొగ్గులు కాల్చి బ్రతుకుట, అని మరువరాదు.

అయినను ఈ కథలో బొగ్గు దుష్టపాత్ర కాదు. మిగిలిన దినములలో అది మంచిపనియే చేసినది. విచారింపదగినది ఇదే. దుర్గుణము సుగుణమును చెరచుట అందరికిని తెలిసినదే. ఒక సుగుణము వేళ కాని వేళ నిలిచి మరియొక సుగుణమును చెరచుట తెలియుట కష్టము. వర్తకుల జీవితమున ఇది నిత్యము జరుగుచున్నది.

తోటివర్తకుడొకడు దెబ్బతిని వచ్చి నిలుచును. అతనికి సరుకు అప్పుగా ఇచ్చెదరు. అది మందు. కాని ప్రతి వారము గుమాస్తాను పంపి, నలుగురి ఎదుట బాకీ అడిగించెదరు. అది బొగ్గు. వసూలు క్రమముగా చేయుట మంచి గుణమే. అది లేనిదే ఏ దుకాణమును నిలువదు. అయితే పడినవాడు లేచువరకు ఆ సంచిని తీసి పక్కన పెట్టనిచో, ఇచ్చిన సాయమును సాయంకాలమునకే తిరిగి తీసికొన్నట్లగును. అతడు మునిగిన పిమ్మట, "మేము సహాయము చేసితిమి, వాని కర్మ" అందురు. పర్యూషణమున చేతులు జోడించి క్షమాపణ అడుగుట మందు. మరునాడు అదే సోదరునిపై కోర్టువ్యాజ్యము యథావిధిగా నడుచుట బొగ్గు. జబ్బుపడిన పనివానికి ఆసుపత్రి ఖర్చు ఇచ్చుట మందు. పనికి రాని దినములకు జీతము కోయుట బొగ్గు. లెక్క, జాగ్రత్త, హక్కు ఇవన్నియు మంచివే. దయ పనిచేయు దినములలో మాత్రము వాటిని పెట్టెనుండి తీయవలెను.

దీనికి ఒక హద్దును తొట్టియే నేర్పును. బొగ్గు తీయుమన్నారని ఫిల్టరు మొత్తము ఆపినవారును కలరు. స్పంజిలో మేలుచేయు సూక్ష్మజీవులు కాపురముండి చేపల మలినమునందలి అమ్మోనియాను హరించుచుండును. నీటి ఒరవడి ఆగిన అవి చచ్చును, గాలియు చాలదు, జబ్బుకంటె ముందు ఊపిరాడక చేపలు పోవును. అట్లే దయపేరిట లెక్కలన్నియు చింపివేసిన వర్తకుడు తానును మునిగి, ఆశ్రయించినవారిని ముంచును. తీయవలసినది సంచి ఒక్కటే. పని ముగిసినంతనే క్రొత్త బొగ్గును మరల పెట్టవలెను. అప్పుడు మిగిలిన మందును తీసివేయుట దానికి న్యాయమైన పని.

ఆ యింటివారు అట్లే చేసిరి. సంచి తీసి, స్పంజిని కదలనీయక, గాలి మోటారును హెచ్చించి, నీటి కొలత చూచి మందు వేసిరి. ఈసారి రంగు మరునాటికిని నిలిచినది. మిగిలిన నాలుగు చేపలు తేరుకొన్నవి. చుక్కలు పోయిన పిమ్మట కొన్నాళ్లు ఆగి, క్రొత్త బొగ్గు పెట్టి, రంగు పూర్తిగా విరిగిన తరువాతనే నీరు మార్చిరి. కాలువలోని జీవులకు ఆ మందు సోకరాదని కోడలు పట్టుపట్టెను. పాతబొగ్గును మరల వాడలేదు. క్రొత్త చేపలను కొనరాదనియు, ఉన్న నాలుగింటిని వాటి ఆయువు తీరువరకు పోషింపవలెననియు అవ్వగారు తీర్మానించిరి. ఇంతకంటె పెద్ద తొట్టిని మేనమామయే కొనియిచ్చెను.

చచ్చిన ఐదు చేపల మాట ఎవ్వరును ఎత్తరు. కాని మందుసీసా ఉన్న అలమర తలుపుపై పిల్లవాడు ఒక కాగితము అంటించినాడు: "ముందు సంచి తీయాల." ఆ తలుపు పక్కనే అవ్వగారి నీళ్లు వడకట్టు గుడ్డ ఆరవేసి ఉండును. వడపోతలో గుడ్డకు మిగిలిన జీవులను ఆమె నేటికిని మరచిపోక, నీరు తోడిన బావిలోనికే తిరిగి దింపుచున్నది. వడకట్టుటతో పని ముగియలేదని ఆమెకు చిన్ననాడే ఎవరో నేర్పియుందురు.